అంటుకట్టిన చర్మం

తెలుగులో 'అంటుకొను' అన్నది చిత్రమైన మాట. పమిటకు నిప్పు అంటుకున్నదంటాం. మామిడికొమ్మ అంటుకున్నదనీ అంటాం. మొదటి మాట వింటే ఇల్లంతా గొల్లుమంటుంది. రెండవ మాట వింటే తోటమాలి మురిసిపోతాడు. ఈ రెండర్థాలూ ఒకే మనిషి ఒంటిమీద, ఒకదాని వెనుక ఒకటి జరగవలసిన చోటు ఒకటి వుంది. అది ఆస్పత్రిలో ఒళ్ళు కాలినవారి వార్డు. అక్కడ నిప్పంటుకున్న చోటనే చర్మం అంటుకోవాలి. అంటుకున్నదా, మనిషి లేచి ఇంటికి వస్తాడు. లేదా, కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

లోతుగా కాలినప్పుడు వైద్యులు రోగి తొడమీదినుంచి పలుచని చర్మపు పొర తీసి కాలిన చోట పరుస్తారు. స్కిన్ గ్రాఫ్టింగ్ అంటారు దీన్ని. తెలుగులో చర్మపు అంటు అనవచ్చు. ఈ అంటు బాగా పట్టడానికి ఈమధ్య కొన్ని ఆస్పత్రులలో మరొక సాయం తీసుకుంటున్నారు. రోగి నెత్తురే కొంచెం తీసి, అందులోని ప్లేట్‌లెట్లను ఒకచోటికి చేర్చి, ఆ పసుపుపచ్చని ద్రవాన్ని పుండుమీద చల్లి, దానిమీద చర్మం పరుస్తున్నారు. దాని పేరు ప్లేట్‌లెట్ రిచ్ ప్లాస్మా, పొట్టిగా పి.ఆర్.పి. ఆ పేరు మీరూ వినే వుంటారు. బట్టతలకూ మోకాలినొప్పికీ మందని పట్నాలలో బోర్డులు కనబడుతూనే వున్నాయి. కాని కాలిన ఒంటిమీద దాని పని ఏమిటి? ఎంతవరకు? ఇంట్లో ఒకరికి ఆపద వచ్చిననాడు డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కరలేదో తేల్చుకోవాలంటే ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలిసి వుండాలి. తెలుగు పాఠాలు చెప్పుకునే వృత్తి నాది, వైద్యుణ్ణి కాను. అయినా, వైద్యులు తమ పత్రికలలో వ్రాసుకున్న సంగతులను మన ఇళ్ళలో మాట్లాడుకునే మాటల్లో చెప్పుకోవడం మంచిదే కదా.

మా చిట్టమూరు నెల్లూరు సీమ తీరాన, పులికాట్ సరస్సుకు చేరువలో వుంది. చుట్టూ వరిపొలాలు, రొయ్యల చెరువులు, ఎప్పుడూ సముద్రపు గాలి. వేసవిలో ఆ గాలి కొంచెం తిరిగిందంటే పూరిల్లు అంటుకోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇటువైపు ఎవరికైనా ఒళ్ళు కాలితే ముందు నాయుడుపేటో, గూడూరో. అక్కడినుంచి నెల్లూరో, తిరుపతో. మరీ ఎక్కువగా కాలితే చెన్నపట్నంలోని కీల్పాక్ ప్రభుత్వ ఆస్పత్రి. అది వంద కిలోమీటర్లు దాటిన దూరం. అంత దూరం వెళ్ళేలోపల ఇంట్లో ఏం చేశారన్నదాన్ని బట్టే తరువాతి కథ చాలావరకు నడుస్తుంది. ఆ సంగతికి తరువాత వద్దాం.

మనదేశంలో ఏటా పది లక్షలమందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో ఒళ్ళు కాల్చుకుంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అవి యుద్ధరంగంలో తగిలిన గాయాలు కావు. ఎక్కువభాగం వంటింట్లోనూ, పనిచేసే చోటనూ జరిగేవే.

తోటమాలికి తెలిసిన విద్య

కడియం నర్సరీలలో గాని, కోడూరు మామిడితోటలలో గాని అంటు కట్టడం చూసినవారికి ఈ వైద్యం సగం తెలిసినట్టే. వెనుకటి రోజుల్లో తల్లిచెట్టు కొమ్మను కోయకుండా, కుండీలోని మొక్కను దాని దగ్గరకు తెచ్చి, రెంటినీ చెక్కి కలిపి కట్టేవారు. రెండూ కలిసిపోయాక తల్లికొమ్మను కోసేవారు. అంతవరకు కొమ్మకు తల్లిచెట్టు పాలు అందుతూనే వుంటాయి. మన ప్రాచీన శస్త్రవైద్యులు తెగిన ముక్కును తిరిగి కట్టింది సరిగ్గా ఈ పద్ధతిలోనే. సుశ్రుత సంహితలో చెక్కిలి చర్మంతో ముక్కు చేసే విధానం వుంది. టిప్పూసుల్తానుతో జరిగిన యుద్ధంలో ఆంగ్ల సైన్యానికి బండి తోలిన కావస్జీ అనే అతడు పట్టుబడి ముక్కు పోగొట్టుకుంటే, పూనా ప్రాంతంలో ఒక దేశీయ వైద్యుడు అతని నుదుటి చర్మాన్ని తిప్పి కొత్తముక్కు చేశాడు. ఆ సంగతి బొమ్మతో సహా 1794లో లండన్‌లోని 'జెంటిల్మన్స్ మ్యాగజైన్'లో వెలువడింది. దాన్ని చూసి ఐరోపా వైద్యులు ఆ విద్య నేర్చుకున్నారు.

అయితే వీపంతా కాలిన మనిషికి ఆ పద్ధతి చాలదు. కొమ్మను పూర్తిగా కోసి తెచ్చి మరోచోట కట్టినట్టు, చర్మాన్ని పూర్తిగా వేరుచేసి తెచ్చి మరోచోట నాటాలి. పారిస్‌లో రెవర్డిన్ అనే యువవైద్యుడు 1869లో చిటికెడు చిటికెడు చర్మం తీసి పుండుమీద పెట్టి, అది బ్రతికి చుట్టూ పాకుతుందని చూపించాడు. 1874లో జర్మనీకి చెందిన థియర్ష్ పలుచని పెద్ద పొరలు తీసే పద్ధతి ప్రచారంలోకి తెచ్చాడు. 1964లో టానర్ అనే అమెరికన్ వైద్యుడు తీసిన పొరకు వరుసగా గాట్లు పెట్టి వలలా సాగదీసే యంత్రం చేశాడు. అందువల్ల కొద్దిపాటి చర్మంతో అంతకు రెట్టింపో మూడింతలో చోటు కప్పడం వీలయింది. ఇవాళ పెద్ద పుండ్లు కప్పడానికి విరివిగా వాడేది ఈ జాలీ చర్మమే.

తొడమీద తీసే పొర మందం మిల్లీమీటరులో మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే. కింద వెంట్రుకల కుదుళ్ళు మిగిలి వుంటాయి కనుక, తీసిన చోట రెండు వారాలలో మళ్ళీ చర్మం వస్తుంది. 'ఒక పుండు మాన్పడానికి మరో పుండా?' అని కన్నవారు కంగారుపడడం సహజం. కాని పైపొర తీసిన పుండు తనంతట తాను మానుతుంది. లోతుగా కాలిన పుండు మానదు. కాలిన పుండు మూడు వారాలు దాటినా మానలేదంటే, అది మానేసరికి గట్టి మచ్చ కడుతుంది. వేళ్ళు ముడుచుకుపోతాయి. మెడ రొమ్ముకు అతుక్కుపోతుంది. అంటు కట్టడం అందుకోసమే.

ఇంకొకరి చర్మం ఎందుకు పనికిరాదు? ఈ ప్రశ్నకు జవాబు రెండవ ప్రపంచయుద్ధకాలంలో దొరికింది. గ్లాస్గో ఆస్పత్రిలో ఒక స్త్రీకి ఒళ్ళు కాలింది. గిబ్సన్, మెడవార్ అనే ఇద్దరు ఆమె సోదరుని చర్మం చిన్న చిన్న ముక్కలుగా ఆమెకు పెట్టి చూశారు. కొన్నాళ్ళు అంటుకున్నట్టే వుండి ఊడిపోయింది. రెండవసారి పెడితే ఇంకా త్వరగా ఊడింది. అంటే శరీరం పరాయిదాన్ని గుర్తుపెట్టుకుంటున్నదన్నమాట. 1943లో ప్రకటించిన ఆ పరిశీలనే అవయవమార్పిడి శాస్త్రానికి పునాది. మెడవార్‌కు 1960లో నోబెల్ బహుమతి వచ్చింది. తోడబుట్టినవాడి చర్మమే నిలవలేదంటే, కాలినవారికి చివరకు దిక్కు తమ చర్మమే.

ఐదు రోజుల పరీక్ష

పరిచిన చర్మానికి నెత్తురు రాదు. దాని నరాలూ నాళాలూ తెగిపోయి వున్నాయి. మరి అది బ్రతికేదెలా? మొదటి ఒకటి రెండు రోజులు పుండులో ఊరే తడిని పీల్చుకుని బ్రతుకుతుంది. ఎండినగుడ్డ నీళ్ళు పీల్చినట్టు. తరువాత కిందనున్న సన్నని నాళాల కొనలు పైచర్మంలోని కొనలను వెతుక్కుంటూ వచ్చి కలుసుకుంటాయి. ఐదారు రోజులు గడిచేసరికి నెత్తురు పారడం మొదలవుతుంది. పాలిపోయిన చర్మం గులాబీరంగుకు తిరుగుతుంది. కట్టు విప్పిన వైద్యుడు దాన్ని చూసి 'పట్టింది' అంటాడు.

ఈ ఐదు రోజులలో మూడు శత్రువులు పొంచి వుంటాయి. పైచర్మానికీ కిందిపుండుకూ నడుమ నెత్తురో నీరో చేరడం ఒకటి. కట్టు కింద చర్మం జారడం రెండవది. చీము మూడవది. అంటుకట్టే తోటమాలి కట్టు బిగించి, గాలీ నీరూ దూరకుండా చూసి, 'దాన్ని కదపకండి' అని పిల్లలను అదిలించేది కూడా ఈ కారణాలవల్లనే.

పి.ఆర్.పి. వచ్చేది సరిగ్గా ఇక్కడ.

పసుపుపచ్చని ద్రవం

మన నెత్తురులో ఎర్రకణాలు, తెల్లకణాలు కాక, వాటికంటె ఎంతో చిన్నవైన ప్లేట్‌లెట్లున్నాయి. 1882లో ఇటలీ శాస్త్రజ్ఞుడు బిజ్జొజెరో వాటి పని వివరించాడు. ఒక మైక్రోలీటరు నెత్తురులో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలదాకా వుంటాయి. డెంగీజ్వరాల పుణ్యమా అని ఆ లెక్క ఇప్పుడు మన ఇళ్ళలో పిల్లలకు కూడా తెలుసు. వేలు తెగినప్పుడు ముందుగా అక్కడికి పరుగెత్తి గండి పూడ్చేవి ఇవే. అయితే గండి పూడ్చడంతో వాటి పని తీరదు. వాటి కడుపులో చిన్న చిన్న సంచులున్నాయి. అవి పగిలినప్పుడు వెలువడే పదార్థాలు చుట్టూవున్న కణాలకు 'పెరగండి, కొత్త నాళాలు వేయండి' అని కబురు పంపుతాయి. 1974లో రాస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు, అతని తోటివారూ ప్లేట్‌లెట్లలో కణాలను పెంచే ఇటువంటి పదార్థం వుందని చూపించారు.

తయారుచేసే విధం కష్టమైనదేమీ కాదు. రోగి నెత్తురు పది ఇరవై మిల్లీలీటర్లు తీసి, గడ్డకట్టకుండా మందు కలిపిన గొట్టాలలో పోసి, గిర్రున తిప్పే యంత్రంలో పెడతారు. కవ్వంతో చిలికితే వెన్న వేరుపడినట్టు, ఇక్కడ బరువైన ఎర్రకణాలు అడుగుకు దిగుతాయి. పైన పసుపుపచ్చని ప్లాస్మా తేలుతుంది. ఆ ప్లాస్మాను మళ్ళీ వేగంగా తిప్పితే ప్లేట్‌లెట్లు కిందికి చేరతాయి. పైన పలుచగా వున్నదాన్ని తీసేసి, అడుగున మిగిలిన చిక్కని భాగాన్ని వాడతారు. పది మిల్లీలీటర్ల నెత్తురుకు దక్కేది ఒకటి రెండు మిల్లీలీటర్లే. అందులో ప్లేట్‌లెట్లు మామూలు నెత్తురులోకంటె మూడు నుంచి ఐదు రెట్లుంటాయి. కొందరు దానికి కాల్షియం క్లోరైడు చేర్చి పుండుమీద చల్లుతారు. కొద్దిసేపట్లో అది జిగురులా తోడుకుంటుంది. దానిమీద చర్మం పరుస్తారు.

నెత్తురు జిగురుతో చర్మం అతికించడం కొత్త ఆలోచన కాదు. 1940ల మొదట్లోనే అమెరికా వైద్యులు నెత్తురు గడ్డకట్టించే ఫైబ్రిన్‌తో చర్మం అతికించి చూశారు. పి.ఆర్.పి. ఆ జిగురుకు ప్లేట్‌లెట్ల కబురు కూడా తోడు చేసింది. పైగా అది రోగి నెత్తురే గనుక శరీరం పరాయిదని నెట్టివేయదు.

ఫలితమేమిటి?

ఇక్కడ రెండు వైపులా వినాలి. బెంగుళూరు ప్లాస్టిక్ సర్జన్లు 2015లో ప్రకటించిన పరిశీలనలో, పి.ఆర్.పి. చల్లి పరిచిన చర్మం వెంటనే అతుక్కున్నదనీ, చర్మం కింద నెత్తురు చేరడం తగ్గిందనీ, కట్లు మార్చడమూ ఆస్పత్రిలో వుండే రోజులూ తగ్గినవనీ తేలింది. పుదుచ్చేరి జిప్మర్ ప్లాస్టిక్ సర్జరీ శాఖవారు కూడా కాలిన రోగులకు దీన్ని వాడి తమ అనుభవాలు ప్రకటించారు. చర్మం తీసిన తొడమీద చల్లితే అక్కడి నొప్పి తగ్గి త్వరగా మానినట్టు కూడా కొన్ని పరిశీలనలలో కనిపించింది.

రెండవ వైపు హాలెండు. అక్కడ లోతుగా కాలిన 52 మందిని తీసుకుని ఒక తెలివైన పరీక్ష చేశారు. ఒకే రోగి ఒంటిమీద ఒక భాగంలో పి.ఆర్.పి. చల్లి చర్మం పరిచారు. ఇంకొక భాగంలో చల్లకుండా పరిచారు. ఏ భాగానికి చల్లారో తరువాత పరీక్షించే వైద్యునికి తెలియదు. 2016లో ప్రకటించిన ఫలితం ఏమంటే, చర్మం పట్టడంలో గాని, మచ్చ తీరులో గాని రెంటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఈ రెండింటికీ పొత్తు కుదరదా? కుదురుతుందనే నాకు తోస్తున్నది. జిగురుగా అది చేసే మేలు కంటికి కనబడేదే. కుట్లూ పిన్నులూ తగ్గుతాయి; చర్మం జారదు. కాని పుండు శుభ్రంగా వుండి, చేయి తిరిగిన వైద్యుడు జాగ్రత్తగా కట్టుకట్టి, రోగి కదలకుండా వున్నచోట పి.ఆర్.పి. అదనంగా చేయగలిగింది తక్కువ. ఇంకొక చిక్కు కూడా వుంది. ఒళ్ళు ఎక్కువగా కాలినవారికి మొదటి కొన్ని రోజులలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోతాయి. అంటే సాయం ఎక్కువ కావలసినవారి నెత్తురులోనే ఆ సరుకు తక్కువ.

అందువల్ల ఒక మాట స్పష్టంగా అనుకోవచ్చు. పి.ఆర్.పి. అంటుకు సాయమే గాని అంటుకు బదులు కాదు. వైద్యుడు తన పద్ధతిలో భాగంగా వాడతానంటే సంతోషమే. అది లేనంతమాత్రాన మన పిల్లకు మంచి వైద్యం అందలేదని బెంగపడనక్కరలేదు. అప్పుచేసి దానికోసం ఇంకో ఆస్పత్రికి మార్చడం అంతకంటె అనవసరం. మార్చే తొందరలో అంటు కదిలితే మొదటికే మోసం. పాత మచ్చలు మాయం చేస్తామని ఎవరైనా పి.ఆర్.పి. పేరు చెబితే, 'ఎంతమందికి చేశారు? చేయనివారితో పోల్చి చూశారా?' అని రెండు ప్రశ్నలు అడిగితే చాలు.

ఇంటివారి చేతిలో వున్నది

మొదట చెబుతానన్న సంగతికి ఇప్పుడు వద్దాం. ఒళ్ళు కాలిన వెంటనే ఇరవై నిమిషాలపాటు కుళాయినీళ్ళో బావినీళ్ళో ధారగా పోయాలి. 'నీళ్ళు పోస్తే బొబ్బలెక్కుతాయి' అన్న మాట మన ఇళ్ళలో బాగా పాతుకుపోయింది. అది నిజం కాదు. బొబ్బ ఎక్కేది వేడివల్ల. నీళ్ళు ఆ వేడిని తీసేస్తాయి. మంచుగడ్డ మాత్రం పెట్టకూడదు. పసిపిల్లలకూ, ఒళ్ళు ఎక్కువగా కాలినవారికీ చలి పట్టకుండా చూసుకోవాలి. సిరా, దోసెలపిండి, పళ్ళపేస్టు, పేడ – ఇవేవీ పూయకూడదు. పూసింది కడగడానికే ఆస్పత్రిలో సగం బాధ. ఆ మురికితో వచ్చే చీమే రేపు అంటుకు శత్రువు. వాపు రాకముందే గాజులూ ఉంగరాలూ తీసేయాలి. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోను చేయాలి. చీరకు నిప్పంటుకుంటే పరుగెత్తకూడదు. నేలమీద పడి దొర్లాలి. పక్కనున్నవారు కంబళి కప్పాలి.

రెండవది తిండి. 'పుండు వున్నది, పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు, చేప వద్దు' అని చారన్నం పెట్టే ఇళ్ళు ఇంకా ఎన్నో. నెల్లూరు తీరాన వుండి చేప మానిపించడం కంటె విడ్డూరం లేదు. కొత్త చర్మం కట్టడానికి శరీరానికి మాంసకృత్తులు కావాలి. మామూలు మనిషికి కిలో బరువుకు ఒక గ్రాము చాలితే, బాగా కాలిన మనిషికి ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు కావాలి. గుడ్డుకు ఆరు గ్రాములు చొప్పున లెక్క వేసుకోండి. పప్పు, పెరుగు, గుడ్డు, చేప – వైద్యుడు ప్రత్యేకంగా వద్దంటే తప్ప ఏదీ మానిపించకూడదు. పొగతాగే అలవాటుంటే మానడం మాత్రం తప్పదు. పొగ సన్ననాళాలను ముడుచుకునేలా చేస్తుంది.

మూడవది ఆ ఐదు రోజులు. అంటు కట్టిన కాలో చేయో కదలకుండా చూడడం నర్సు ఒక్కతెవల్ల అయ్యే పని కాదు. పరామర్శకు వచ్చిన చుట్టాలు మంచంమీద కూర్చోవడం, కట్టు తడిమి చూడడం, 'ఏదీ, కొంచెం విప్పి చూపించమ్మా' అనడం మానుకోవాలి.

తరువాత మచ్చ సంగతి. బిగుతు తొడుగు ఇస్తే స్నానానికి తప్ప తీయకుండా నెలల తరబడి వేసుకోవాలి. అంటుచర్మానికి సొంత నూనె వుండదు, ఎండిపోతుంది. పూర్తిగా మానాక కొబ్బరినూనె రాసి మెల్లగా మర్దన చేయాలి. ఎండనుంచి కాపాడాలి. వేళ్ళకు చెప్పిన వ్యాయామం పిల్ల ఏడ్చినా మానకూడదు. ఆ ఏడుపుకు జాలిపడి మానిపిస్తే, రేపు ఆ చేయి పెన్ను పట్టలేకపోవచ్చు.

ఖర్చుమాట: 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పేరుతో మొదలైన ప్రభుత్వ వైద్యపథకంలో కాలిన గాయాల చికిత్సకు చోటుంది. ఆస్పత్రిలో చేరిననాడే ఆ విషయం అడిగి తెలుసుకోవడం మంచిది.

పోయినవారు ఇవ్వగలిగినది

ఒళ్ళు సగానికి పైగా కాలినవారికి తొడమీద తీయడానికి చర్మమే మిగలదు. అప్పుడు పరాయి చర్మం అవసరమవుతుంది. శాశ్వతంగా కాదు, రెండు మూడు వారాలు పుండును కప్పి ప్రాణం నిలబెట్టడానికి. ముంబయి సయాన్ ఆస్పత్రిలో డాక్టర్ మాధురీ గోరె 2000లో ఇందుకోసం చర్మనిధి స్థాపించారు. ఖర్చులేని కట్టుగా అరటాకును వాడవచ్చునని శాస్త్రీయంగా పరీక్షించి చూపినవారు కూడా ఆమే. ఆ ఆకు ఆస్పత్రిలో శుద్ధిచేసినది, పెరటిలోంచి కోసినది కాదు. హైదరాబాదు ఉస్మానియా ఆస్పత్రిలో 2021లో చర్మనిధి ఏర్పడింది.

మనిషి పోయిన ఆరు గంటలలోపల తొడలు, కాళ్ళు, వీపులనుంచి పలుచని పైపొర తీస్తారు. అరగంటా ముప్పావుగంటలో ముగుస్తుంది. నెత్తురు కారదు, రూపం చెడదు, కట్టుకట్టి అప్పగిస్తారు. నెత్తురు గ్రూపు కలియనక్కరలేదు. గ్లిజరిన్‌లో భద్రపరిస్తే ఐదేళ్ళవరకు నిలువవుంటుంది. నేత్రదానం అంటే మన పల్లెల్లో కూడా ఇప్పుడు ఎవరూ ఉలిక్కిపడరు. చర్మదానం మాట మాత్రం ఇంకా కొత్త. ఇంట్లో పెద్దవాళ్ళు బాగున్ననాడే, అన్నాలు తిని కూర్చున్న ఏ రాత్రో ఈ మాట ఒకసారి కదిపి చూడండి. పెద్దలు సరేనంటే, ఆ సంగతి ఇంట్లో పిల్లలందరికీ తెలిసేలా చెప్పి వుంచండి. ఆ ఆరు గంటల గడువులో కబురు పంపవలసినవారు వాళ్ళే.